బోర్డు మీద నాలుగు పేర్లున్నాయి, మా అమ్మాయిని ఎవరికి చూపించాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా వారు ఆర్టీసీలో కండక్టరు. మా అమ్మాయికి 23 ఏళ్లు. బీఎస్సీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటోంది. 2020లో కరోనా వచ్చినప్పుడు అందరిలాగే చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. అందరూ మానేశారు గాని తను మానలేదు. ఇప్పుడు స్నానానికి వెళితే గంటన్నర పడుతోంది. చేతుల మీద చర్మం పగిలి మండుతున్నా సబ్బు వదలదు. వాళ్ల నాన్నగారు డ్యూటీ దిగి వస్తే పెరట్లో కుళాయి దగ్గర స్నానం చేసి, కాకీ బట్టలు అక్కడే బకెట్లో నానబెట్టాకే లోపలికి అడుగుపెట్టాలి. "అమ్మా, నా చెయ్యి గేటుకు తగిలిందా?" అని రోజంతా అడుగుతూనే ఉంటుంది. తగల్లేదంటే రెండు నిమిషాలు ఊరుకుని మళ్లీ అడుగుతుంది. విసుక్కుంటే ఏడుస్తుంది. కిందటేడు పరీక్ష కేంద్రానికి ఆలస్యంగా చేరడంతో లోపలికి రానివ్వలేదు. అరసవల్లి గుడికి రావడం కూడా మానేసింది, ఎందుకో చెప్పదు. ఒక డాక్టరుగారు బలానికి బీ కాంప్లెక్సు, నిద్రకు మాత్రలు రాశారు. చుట్టాలు ఇది చాదస్తమని, పెళ్లి చేస్తే అదే పోతుందని అంటున్నారు. మా ఊళ్లో ఒక కౌన్సెలింగ్ కేంద్రం ఉంది. బోర్డు మీద నలుగురి పేర్లున్నాయి. ఒకరు సీబీటీ, ఒకరు మనసు విప్పి మాట్లాడించే కౌన్సెలింగ్, ఒకరు కుటుంబ కౌన్సెలింగ్, ఒకరు హిప్నోథెరపీ, ధ్యానం చేయిస్తారట. ఫోన్ చేస్తే "ఎవరైనా ఒకటేనండీ, ఎవరు ఖాళీగా ఉంటే వారిని కలవండి" అన్నారు. నిజంగా ఎవరైనా ఒకటేనా? మందులు వాడాలా? బయటికి తెలిస్తే సంబంధాలు చెడిపోతాయేమోనని భయంగా ఉంది.
— పేరు రాయవద్దని కోరిన ఒక తల్లి, శ్రీకాకుళం

సమాధానం: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. ఎవరైనా ఒకటే కాదు. కొన్ని బాధలకు థెరపిస్టు ఏ పద్ధతిలో శిక్షణ పొందినా, ఓపిక, నమ్మకం కలిగించే తీరు ఉంటే మేలు కనిపిస్తుంది. మీ అమ్మాయి బాధ ఆ కోవలోది కాదు. మీరు రాసిన వివరాలన్నీ వైద్యులు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అని పిలిచే జబ్బువైపు చూపిస్తున్నాయి. ఉత్తరం చదివి జబ్బును నిర్ధారించడం తగదు కాబట్టి ఆ పనిని మానసిక వైద్యులకో క్లినికల్ సైకాలజిస్టుకో వదిలిపెడుతున్నాను. వారు అవునంటే మాత్రం, ఈ జబ్బుకు సుమారు అరవై ఏళ్లుగా పరీక్షకు నిలిచిన ఒక ప్రత్యేకమైన థెరపీ ఉందని, దాన్ని తెలిసి చేసేవారి కోసమే మీరు వెతకాలని గుర్తుంచుకోండి.

ముందు ఇది చాదస్తం ఎందుకు కాదో చెబుతాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లు ఆ మాట అన్నంతకాలం ఆ అమ్మాయి తన బాధను ఇంకా లోపలికి దాచుకుంటుంది. శుభ్రత ఇష్టమైన మనిషికి ఇల్లు తుడిచాక హాయిగా ఉంటుంది. మీ అమ్మాయికి ఆ హాయి ఏ కోశానా లేదు. పిలవకుండానే ఒక ఆలోచన వచ్చి పడుతుంది. గేటు మీద ఎవరెవరి చేతులో పడ్డాయి, అది నా చేతికి అంటింది, నా వల్ల అమ్మకు ఏదో అయిపోతుంది అనుకుంటుంది. ఆ ఆలోచన అర్థం లేనిదని చాలాసార్లు తనకూ తెలుసు. తెలిసినా భయం ఆగదు. చేతులు కడిగితే కాసేపు తగ్గుతుంది. ఆ తగ్గడమే అసలు చిక్కు. కడిగాను కాబట్టే గండం తప్పిందని మనసు నేర్చుకుంటుంది, దాంతో మరుసటిసారి భయం ఇంకా తొందరగా వస్తుంది, ఇంకా ఎక్కువసేపు కడిగితే గాని పోదు. దురద పెట్టినచోట గోకితే ఆ క్షణానికి సుఖంగా ఉండి, పుండు మాత్రం పెద్దదయినట్టే ఇదీను. మీరు ఓర్పుగా చెప్పే "తగల్లేదమ్మా" అన్న జవాబు కూడా ఆ సబ్బునీళ్లు చేసే పనినే చేస్తోంది. మీరు ప్రేమతో చెబుతున్నారు. జబ్బు మాత్రం ఆ జవాబును తినే బతుకుతోంది.

ఈ జబ్బు జీవితకాలంలో వందమందిలో సుమారు ఇద్దరికి వస్తుంది. ఎక్కువగా పదేళ్లు దాటాక, పాతికేళ్లలోపు మొదలవుతుంది. మీ పెంపకంలో లోపం వల్ల రాలేదు. కరోనా వల్లే వచ్చిందని కూడా చెప్పలేము. లోపల ఉన్న బలహీనతకు ఆ రోజుల భయం ఒక రూపం ఇచ్చి ఉంటుంది, అంతే.

అరసవల్లి సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గాని, నా దృష్టి అక్కడే ఆగింది. రథసప్తమికీ ఆదివారాలకీ అక్కడ ఉండే జనాన్ని తలచుకుని, ఎవరైనా తగులుతారన్న భయంతో మానేసి ఉండవచ్చు. ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. ఈ జబ్బున్నవారిలో చాలామందికి అంటు భయంతోపాటు నోటితో చెప్పుకోలేని ఆలోచనలు వస్తాయి. దేవుడి ఎదుట నిలబడగానే బూతు మాట మనసులో మెదలడం, కన్నవారికి హాని చేస్తానేమోనన్న ఊహ రావడం, సిగ్గుపడే దృశ్యాలు కళ్లముందుకు రావడం లాంటివి. అవి వారి కోరికలు కావు. వారి స్వభావానికి పూర్తిగా విరుద్ధమైనవి కాబట్టే అంతగా హడలిపోతారు. మీ అమ్మాయికి అలాంటివి ఉన్నాయని నేను అనడం లేదు. ఉంటే మాత్రం అమ్మ దగ్గర నోరు విప్పి చెప్పుకోలేకపోతుంది, కాబట్టి గుచ్చి గుచ్చి అడగకండి. థెరపిస్టు దగ్గర ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించండి. ఈ జబ్బు తెలిసిన థెరపిస్టు ఆ ప్రశ్న తనంతట తానే అడుగుతారు, జవాబు విని కనుబొమ్మ కూడా ఎగరేయరు.

ఇక ఆ థెరపీ గురించి. దాన్ని ఈఆర్పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అంటారు. భయపెట్టే దానికి ఎదురుగా నిలబడడం, ఆ భయాన్ని దించుకోవడానికి అలవాటుగా చేసే పనిని చేయకుండా ఉండడం, ఈ రెండూ కలిస్తేనే అది ఈఆర్పీ. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పెద్ద కుటుంబంలో ఇది ఒక శాఖ. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగులకు ఈ విధంగా చికిత్స చేసి ఫలితాలు ప్రచురించేదాకా, ఈ జబ్బు మాటలకు లొంగదనే వైద్యలోకం అనుకునేది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో దీన్ని పరీక్షించారు. ఇప్పుడు ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదట సూచించే థెరపీ ఇదే.

ఇది గదిలో ఎలా సాగుతుందో తెలిస్తే మీకూ మీ అమ్మాయికీ బెరుకు తగ్గుతుంది. మొదటి ఒకటి రెండు సిట్టింగుల్లో ఏదీ ముట్టుకోమనరు. జబ్బు ఎంత సమయం తింటోంది, ఎంత బాధ పెడుతోంది, ఆపుకోగలుగుతోందా అని పది ప్రశ్నలతో కొలుస్తారు. యేల్-బ్రౌన్ స్కేలు అనే ఆ కొలతలో మొత్తం 40 మార్కులు, ఎక్కువ వస్తే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. తర్వాత మీ అమ్మాయే తన భయాలకు ఒక నిచ్చెన రాస్తుంది. నేల మీద పడిన తన నోటు పుస్తకం తీసుకుని చేతులు కడగకుండా ఉండడం నూటికి ఇరవై పాళ్ల భయం కావచ్చు, గేటు గడియ నలభై, నాన్న సంచిలోని చిల్లర అరవై, నాన్న కాకీ చొక్కా ఎనభై, బస్సులో సీటు పట్టుకుని వచ్చి ఆ చేతులతోనే అన్నం తినడం తొంభై అయిదు. కింది మెట్టు నుంచి మొదలవుతుంది. ఆ మెట్టు దాటి గేటు గడియ దగ్గరకు వచ్చాక, ముందుగా థెరపిస్టే దాన్ని ముట్టుకుని చూపిస్తారు, తర్వాత అమ్మాయి ముట్టుకుంటుంది, చెయ్యి తీయదు, తుడుచుకోదు. కొన్ని నిమిషాలకొకసారి భయం ఎంత ఉందని అడుగుతుంటారు. నలభై అనుకున్నది ఒక్కసారిగా అరవైకి ఎక్కుతుంది, అక్కడే కాసేపు నిలుస్తుంది, ఆ తర్వాత చాలాసార్లు తనంతట తానే దిగుతుంది. ఒకవేళ ఆ రోజు దిగకపోయినా నష్టం లేదు. ఇంత భయాన్ని నేను భరించగలిగాను, అనుకున్న ఉపద్రవం రాలేదు అని మనసుకు తెలియడమే అసలు చదువు. అదే పనిని ఇంటి దగ్గర రోజూ చేయాలి. వారానికొక గంట గదిలో జరిగే దానికంటే, మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో చేసే సాధనే ఎక్కువ పని చేస్తుంది.

ఇందులో బలవంతానికి చోటు లేదు. ప్రతి మెట్టూ అమ్మాయి ఒప్పుకున్నాకే ఎక్కుతుంది. ఇది చదివి మీ ఇంట్లో ఎవరైనా భయం పోగొడతామని ఆ కాకీ చొక్కాను ఆమె మీద వేస్తే అది చికిత్స కాదు, హింస. థెరపీ అన్న మాట వింటేనే హడలిపోయే స్థితికి ఆమె చేరుతుంది.

ఇప్పుడు ఆ బోర్డు మీది నాలుగు పేర్ల సంగతి చూద్దాం. సీబీటీ అని రాసుకున్నవారు మీకు కావలసిన దానికి అందరికన్నా దగ్గర. అయినా ఆ మూడు అక్షరాలు చూసి సంతృప్తి పడకండి. అమెరికాలో 1960లలో ఆరన్ బెక్ అనే వైద్యుడు కుంగుబాటు కోసం రూపొందించిన పద్ధతిలో, ఆలోచనల్లోని తప్పును సాక్ష్యాలతో తూచి చూడడం ముఖ్యమైన పని. నేను దేనికీ పనికిరాను అని కుంగిపోయిన మనిషికి అది ఎంతో మేలు చేస్తుంది. అదే పనిని మీ అమ్మాయితో చేసి, గేటు మీద క్రిములెన్ని, జబ్బు వచ్చే అవకాశం ఎంత అని లెక్కలు వేయిస్తూ కూర్చుంటే, ఆ లెక్క ఆమెకు ఇంకొక "తగల్లేదమ్మా"గా మారిపోతుంది. గది దాటేలోగా దాని బలం తీరిపోతుంది. కాబట్టి ఆ థెరపిస్టును సూటిగా అడగండి. ఓసీడీకి మీరు ఈఆర్పీ చేస్తారా, చేస్తే మా అమ్మాయి విషయంలో మొదటి నెలలో ఏమి చేయిస్తారు అని అడగండి. భయాల నిచ్చెన, ఇంటి సాధన, కడగడం ఆపుకోవడం అన్న మాటలు వారి జవాబులో వాటంతటవే రావాలి.

మనసు విప్పి మాట్లాడించే కౌన్సెలింగును నేను తక్కువ చేయను. ఈ పద్ధతికి ఆద్యుడైన అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ దారిలో శిక్షణ పొందినవారు తీర్పు చెప్పకుండా, సలహాలు కుమ్మరించకుండా, ఎదుటి మనిషి తన మాటల్లోనే తన దారి వెతుక్కునేలా వినగలరు. అయినవారిని పోగొట్టుకున్నవారికి, కాపురంలో నలిగిపోతున్నవారికి, ఏ చదువో ఏ ఉద్యోగమో తేల్చుకోలేని పిల్లలకు నేను మొదట చెప్పేది వారి పేరే. మీ అమ్మాయి విషయంలో మాత్రం ఆ మంచితనమే అడ్డు రావచ్చు. వారం వారం వెళ్లి భయం చెప్పుకోవడం, వారు ఊరడించడం, తేలికపడి ఇంటికి రావడం, సాయంత్రానికి మళ్లీ కుళాయి దగ్గర నిలబడడం జరుగుతాయి. నెలలు గడిచిపోతాయి, చికిత్స తీసుకుంటున్నామన్న తృప్తి మాత్రం మిగులుతుంది. ఇలా ఏడాది, రెండేళ్లు పోగొట్టుకున్న కుటుంబాలను చూసినప్పుడు నాకు కలిగే బాధ అంతా ఇంతా కాదు, ఎందుకంటే అక్కడ ఎవరి చెడ్డతనమూ లేదు, పద్ధతి మాత్రమే పొసగలేదు. అయితే ఒక మాట, అమ్మా. అన్నేళ్లుగా రోజంతా అదే ప్రశ్నకు జవాబు చెబుతున్న మీరు అలసిపోయి ఉంటారు. మీ ఉత్తరంలో మీ గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఆ కౌన్సిలరు దగ్గరకు మీకోసం మీరు వెళ్లండి.

కుటుంబ కౌన్సెలింగ్ మీకు తప్పకుండా అక్కరకు వస్తుంది, అయితే రెండో స్థానంలో. మీ ఇల్లంతా ఇప్పుడు జబ్బు పెట్టిన నియమాల ప్రకారం నడుస్తోంది. మీ వారు పెరట్లో చేసే స్నానం, మీరు చెప్పే జవాబులు, బహుశా ఆమెకు వేరుగా పెట్టిన కంచం, వేరుగా ఆరేసే బట్టలు, ఇవన్నీ ఆమె ఏడుపు చూడలేక ఒక్కొక్కటిగా ఒప్పుకున్నవే. ఇలా ఇంట్లోవాళ్లు సర్దుకుపోయేకొద్దీ జబ్బు బలపడుతుందని, థెరపీ ఫలితం కూడా మందగిస్తుందని పరిశోధనల్లో తేలింది. వాటిని ఏ వరుసలో, ఎంత నెమ్మదిగా వదిలించాలో అమ్మాయీ మీ ఇద్దరూ కలిసి కూర్చుని ఒప్పందానికి రావడానికి కుటుంబ థెరపిస్టు సాయపడగలరు. మీ వారు ఆ సిట్టింగుకు తప్పకుండా రావాలి. డ్యూటీ కుదరదని మిమ్మల్ని ఒక్కరినే పంపితే సగం పని జరగదు.

హిప్నోథెరపీని నేను సిఫారసు చేయను. ఈ జబ్బుకు అది పని చేస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు. ధ్యానం వల్ల హాని లేదు. భయాన్ని తరమకుండా దానితో కూర్చోవడం నేర్పే ధ్యానమైతే ఈఆర్పీకి తోడుగా కూడా ఉంటుంది. భయం వచ్చిన ప్రతిసారీ దాన్ని పోగొట్టుకోవడానికి కళ్లు మూసుకుంటే మాత్రం, చేతులు కడగడం పోయి ధ్యానం ఆ స్థానంలోకి వస్తుంది. ఒంటిని వదులు చేసే వ్యాయామాలను ఈఆర్పీతో పోల్చి చూసిన అధ్యయనాల్లో ఈఆర్పీయే ఎంతో ముందుంది.

పద్ధతి తర్వాత చూడవలసింది అర్హత. మానసిక వైద్యులంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ, డీపీఎం, డీఎన్‌బీ వంటి డిగ్రీ చేసినవారు. మందులు రాయగలిగేది వారే. క్లినికల్ సైకాలజిస్టు అంటే మామూలుగా రెండేళ్ల ఎంఫిల్ చేసి, భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో నమోదైనవారు. వారికి సీఆర్ఆర్ నంబరు, అంటే ఆ మండలి రిజిస్టరులోని నమోదు సంఖ్య ఉంటుంది. దాన్ని అడగడంలో మర్యాద తప్పిందేమీ లేదు, ఆర్‌సీఐ వెబ్‌సైటులో పేరు సరిచూసుకోవచ్చు కూడా. సైకాలజిస్టు, కౌన్సిలరు, థెరపిస్టు అన్న మాటలు బోర్డు మీద రాసుకున్నవారిలో ఎంఏ సైకాలజీ చదివినవారి నుంచి కొద్ది నెలల డిప్లొమా చేసినవారి దాకా అందరూ ఉంటారు. ఎంఏ చదివి, ఈఆర్పీలో శిక్షణ పొంది, పెద్దల పర్యవేక్షణలో శ్రద్ధగా చేసేవారు లేకపోలేదు. కానీ నిర్ధారణ మాత్రం మానసిక వైద్యులో క్లినికల్ సైకాలజిస్టో చేశాకే మిగతా అడుగు వేయండి. మూడు సిట్టింగుల్లో పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారిని, ముందే ప్యాకేజీ డబ్బంతా కట్టమనేవారిని, వైద్యులు రాసిన మందులు మానేయమనేవారిని దూరం పెట్టండి.

ఆ కేంద్రంలో ఈఆర్పీ తెలిసినవారు లేరని తేలితే నిరుత్సాహపడకండి. మీ ఊళ్లోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, మనమంతా ఇప్పటికీ రిమ్స్ అనే పిలుస్తాం. అక్కడి మానసిక వైద్య విభాగంలో నిర్ధారణకూ మందులకూ చూపించుకోవచ్చు. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బస్సెక్కితే రెండు మూడు గంటల్లో చేరతారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే ఉంది. జబ్బు మొండిగా ఉంటే అక్కడికి వెళ్లడం వృథా కాదు. విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న క్లినికల్ సైకాలజిస్టుతో వీడియో కాల్ ద్వారా ఈఆర్పీ చేయించుకోవడం కూడా మంచి మార్గమే, పైగా దానిలో ఒక సౌలభ్యం ఉంది. మీ అమ్మాయి భయపడే గేటూ కుళాయీ ఉన్నది మీ ఇంట్లోనే, థెరపిస్టు వాటి దగ్గరే నిలబెట్టి సాధన చేయించగలరు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అది థెరపీకి బదులు కాదు గాని, దగ్గరలో ఎక్కడ ఎవరిని కలవాలో దారి చూపుతుంది.

మందుల గురించి అడిగారు. బీ కాంప్లెక్సు ఈ జబ్బును తాకదు. నిద్రమాత్రలు జబ్బును తగ్గించవు సరికదా, కొన్నింటికి అలవాటు పడే ప్రమాదం కూడా ఉంది. అయినా రోజూ వాడుతున్నట్టయితే మీ అంతట మీరు ఆపేయకండి, వైద్యులను అడిగే తగ్గించండి. ఓసీడీకి పనిచేసేవి ఎస్ఎస్ఆర్ఐ అనే తరగతి మందులు, ఫ్లూయోక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ వంటివి. అవి మత్తు మందులు కావు, వ్యసనంగా మారవు. కుంగుబాటుకు వాడే మోతాదుకంటే ఈ జబ్బుకు తరచుగా ఎక్కువ మోతాదు కావలసి వస్తుంది, ఫలితం తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పదిహేను రోజులు వాడి గుణం లేదని మానేసేవారు చాలామంది, అది తొందరపాటు. మొదట్లో వికారం, కాస్త అస్థిమితం ఉండవచ్చు. 25 ఏళ్లలోపువారిలో మొదటి వారాల్లో కొద్దిమందికి చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చు కాబట్టి ఆ రోజుల్లో మీరు కనిపెట్టుకుని ఉండి, తేడా కనిపిస్తే వెంటనే వైద్యులకు చెప్పాలి. గుణం కనిపించాక కూడా కనీసం ఏడాదిపాటు వాడి, వైద్యుల సలహాతో కొద్దికొద్దిగా తగ్గించాలి. జబ్బు తేలికగా ఉంటే థెరపీ ఒక్కటే చాలవచ్చు. స్నానానికే గంటన్నర పడుతూ, పరీక్ష చేజారిన స్థితిలో రెండూ కలిపి మొదలుపెట్టమని వైద్యులు అంటే వెనుకాడకండి.

అపాయింట్‌మెంటు దొరికేలోగా ఇంట్లో ఏమి చేయాలన్నది మీరు అడగలేదు గాని చెప్పడం అవసరం. రేపటి నుంచి జవాబులు చెప్పనని ఒక్కసారిగా బిగిసిపోకండి, నీళ్ల మోటారు కట్టేయకండి, నలుగురిలో ఆమె స్నానం సంగతి ఎత్తకండి. ఆమె ప్రశాంతంగా ఉన్న సమయం చూసి, "నువ్వు కావాలని చేయడం లేదని నాకు తెలుసు, జబ్బు నీచేత చేయిస్తోంది, మనిద్దరం కలిసి దాన్ని ఎదుర్కొందాం" అని చెప్పండి. ఆమె ఒప్పుకుంటే ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. గేటు ప్రశ్నకు ఒక్కసారే జవాబు చెబుతారు, రెండోసారి అడిగితే, "దీనికి మళ్లీ జవాబు చెబితే నీ భయమే పెరుగుతుందని అనుకున్నాం కదమ్మా, కష్టంగా ఉందని తెలుసు, నీ పక్కనే కూర్చుంటాను" అంటారు. ఆ మాట విసుగు లేకుండా, ప్రతిసారీ ఒకే తీరుగా రావాలి. కొన్నాళ్లు ఏడుపు పెరగవచ్చు. భరించలేనంతగా ఉంటే ఆపి, థెరపిస్టు దొరికేదాకా ఆగండి. పగిలిన చేతులను చర్మవైద్యులకో మీకు అలవాటైన డాక్టరుకో చూపించి పూతమందు రాయించుకోండి.

పెళ్లి విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడుతున్నానని అనుకోకండి. పెళ్లి ఈ జబ్బుకు మందు కాదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త వంటగది, ప్రతిదీ ఆమెకు ఒక కొత్త గేటు గడియ అవుతుంది. చికిత్స మొదలుపెట్టి, తన రోజు తన చేతికి వచ్చాక సంబంధాలు చూడండి. అప్పుడు అవతలివారికి ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మీ అమ్మాయి నిర్ణయించుకోవాలి. నా మాట అడిగితే, పెళ్లాడబోయే అబ్బాయికి ముందే తెలియడం మంచిది. దాచిపెట్టి చేసిన పెళ్లిళ్లలో, అత్తగారు చూస్తారేమోనన్న భయంతో అమ్మాయిలు మాత్రలు ఉన్నపళంగా మానేయడం, జబ్బు తిరగబెట్టడం జరుగుతుంటాయి. ఇక బయటికి పొక్కుతుందన్న భయానికి చట్టం మీ వైపు ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత చికిత్స చేసేవారిది. ఆ గోప్యత మీకూ వర్తిస్తుంది. 23 ఏళ్ల అమ్మాయి గదిలో ఏమి చెప్పిందో ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప ఆమె ఒప్పుకోకుండా థెరపిస్టు మీకు చెప్పరు, చెప్పకూడదు. దానికి మీరు నొచ్చుకోకండి. మన ఊళ్లో వరండాలో కూర్చుంటే ఎవరో ఒక తెలిసినవారు తగులుతారన్న మాట నిజమే. జనం తక్కువగా ఉండే వేళకు సమయం ఇమ్మని ఫోన్లో అడిగితే చాలా కేంద్రాలవారు ఇస్తారు.

ఈఆర్పీకి సాధారణంగా 12 నుంచి 20 సిట్టింగులు పడతాయి. నాలుగైదు సిట్టింగులు గడిచినా నిచ్చెన రాయలేదంటే, ఇంటికి ఏ సాధనా ఇవ్వలేదంటే, కారణం అడగండి. సమాధానం తృప్తిగా లేకపోతే వేరొకరిని వెతకండి, అందులో మొహమాటం అక్కర్లేదు. చికిత్స సగంలో ఉండగా ఇందాకటి యేల్-బ్రౌన్ ప్రశ్నలను మళ్లీ అడుగుతారు. మొదట వచ్చిన మార్కుల్లో మూడో వంతుకు పైగా తగ్గితే సరైన దారిలో ఉన్నట్టే. గంటన్నర స్నానం నలభై నిమిషాలకు రావడాన్ని మీరు చిన్నదిగా చూడకండి. మధ్యలో ఎప్పుడైనా ఆమె తిండి మానేసినా, బతకాలని లేదన్నా, సిట్టింగు రోజు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు పాత డాక్టరుగారి చీటీలు, ఇప్పటిదాకా వాడిన మాత్రల పేర్లు, ఒక మామూలు రోజున కడగడానికీ స్నానానికీ పట్టే సమయం రాసిన కాగితం వెంట తీసుకువెళ్లండి. వీలైతే ఆ కాగితం అమ్మాయి చేతే రాయించండి. లోపలికి ముందు ఆమెను ఒక్కదాన్నే పంపి, పిలిచినప్పుడు మీరూ మీ వారూ వెళ్లండి.